విధాత సృష్టించిన విశ్వాన్ని అంతకుడు నాశనం చేయలేకపోతే ఇద్దరిలో సర్వశక్తిమంతుడు ఎవరు?

బ్రాడీపేట కథకుడు
కొంతకాలంగా నేను రాస్తున్న బహువిశ్వ ధారావాహికలో ఇద్దరు మహాశక్తులు ఉన్నారు. విధాత ఎలాంటి విశ్వాన్నైనా సృష్టించగలడు, అంతకుడు ఏ విశ్వాన్నైనా నాశనం చేయగలడు. మొదటి అధ్యాయంలోనే ఈ రెండు మాటలూ ఏ మినహాయింపూ లేకుండా చెప్పాను, ఎందుకంటే మినహాయింపులు పెట్టుకుంటూ పోతే పాఠకుడికి ఆ శక్తి మీద గురి కుదరదు. ఇప్పుడు ఒక పాఠకుడు గట్టి ప్రశ్న వేశారు. ఎవ్వరూ నాశనం చేయలేని విశ్వాన్ని విధాత సృష్టించగలడా? సృష్టించగలిగితే అంతకుడి శక్తికి హద్దు ఉన్నట్టు. సృష్టించలేకపోతే విధాత శక్తికి హద్దు ఉన్నట్టు. ఎటు చూసినా మొదటి అధ్యాయంలో ఇచ్చిన మాట నిలవదు.

దీనికి తోడు మరో రెండు చిక్కులు ఉన్నాయి. మూడో అధ్యాయంలో, ఏ కొన్ని విశ్వాలను కలిపి ఒక కూర్పుగా తీసుకున్నా ఆ కూర్పుకు ప్రతిరూపంగా విడిగా ఒక విశ్వం ఉంటుందని రాశాను. చివరి అధ్యాయంలో అంతకుడు అన్ని విశ్వాలనూ వాటి గతంతో సహా తుడిచిపెట్టాలి. ముగింపు రాయకముందే ఇవన్నీ తర్కానికి నిలుస్తాయో లేదో తేల్చుకోవాలని ఉంది. కథే కదా, ఏమైనా రాసుకోవచ్చు అన్న సమాధానం మాత్రం నాకు వద్దు.

పటమట పాఠకురాలు
చివరి వాక్యం రాసినందుకు ధన్యవాదాలు. నియమాన్ని రచయిత అవసరానికి తగినట్టు మార్చుకునే కథలో ఎవరు చనిపోయినా నాకు దుఃఖం కలగదు, తరువాతి భాగంలో బతికించే దారి ఆయన చేతిలోనే ఉంటుంది కనుక.

తెనాలి తర్కం
మీ పాఠకుడి ప్రశ్న చాలా పాతది. తాను ఎత్తలేనంత బరువైన బండను సర్వశక్తిమంతుడు చేయగలడా అన్న రూపంలో అందరూ దీనిని విన్నారు. పదమూడో శతాబ్దంలో థామస్ అక్వైనాస్ ఇలాంటి ప్రశ్నలన్నింటికీ ఒకే దారి చూపించాడు. తనలో తానే విరోధం ఉన్నది అసలు చేయదగిన పనుల జాబితాలోకే రాదు, కాబట్టి దేవుడు దానిని చేయలేడు అనడం కన్నా అది జరిగేది కాదు అనడం సరైనదని ఆయన వాదన. 1963లో జార్జ్ మావ్రోడిస్ ఇదే దారిలో బండ ప్రశ్నను పరిశీలించాడు. ఎత్తేవాడు సర్వశక్తిమంతుడని ముందే ఒప్పుకున్నాక, "అతడు ఎత్తలేని బండ" అన్నది ఒక వస్తువు పేరే కాదని చూపించాడు.

మన తార్కికుల దగ్గర ఇంతకన్నా చక్కని జంట ఉదాహరణలు ఉన్నాయి. కుందేటి కొమ్ము లోకంలో లేదు, వంధ్యాపుత్రుడూ, అంటే గొడ్రాలి కొడుకూ, లోకంలో లేడు. అయినా ఆ రెండు లేమిలూ ఒకటి కావు. కుందేలుకు కొమ్ము మొలవడంలో విరోధం ఏమీ లేదు, మీ విధాత తలచుకుంటే కొమ్ముల కుందేళ్లతో ఒక విశ్వాన్నే నింపగలడు. వంధ్యకు కొడుకు పుట్టిన క్షణాన ఆమె వంధ్య కాదు. అంతకుడు దేనినైనా నాశనం చేయగల కథలో "నాశనం కాని విశ్వం" కుందేటి కొమ్ము కాదు, వంధ్యాపుత్రుడు. దానిని సృష్టించకపోవడం విధాతకు లోటు కాదు.

పటమట పాఠకురాలు
తెనాలి తర్కం గారూ, మీరు అంతకుడి మాటను ముందు నిజమని పట్టుకున్నారు, అందువల్ల విధాత పని విరుద్ధంగా తేలింది. విధాత మాటను ముందు పట్టుకుంటే ఏమవుతుంది? విధాత "నాశనం కానిది" అన్న లక్షణంతో ఒక విశ్వాన్ని సృష్టించాడు. ఇక దానిని నాశనం చేయడమే వంధ్యాపుత్రుడు అవుతుంది, దానిని చేయలేకపోవడం అంతకుడికి లోటు కాదు. మీ తర్కం ఇద్దరికీ సమానంగా అమరుతుంది కనుక ఎవరి వైపు మొగ్గాలో అది చెప్పదు. బండ కథలో ఉన్నది ఒక్కడే, ఇక్కడ ఇద్దరు ఉన్నారు.

తెనాలి తర్కం
ఆ అభ్యంతరం సరైనదే. ఒక్కొక్క మాటను విడిగా తీసుకుంటే ఏ దోషమూ లేదు. రెండింటినీ ఒకే కథలో, ఒకే కాలానికి, పరస్పరం వర్తించేలా చెప్పినప్పుడే విరోధం పుడుతుంది.

మాచవరం మాస్టారు
ఈ ఇద్దరి చిక్కును మన పూర్వులు నేరుగా చర్చించారు. బ్రహ్మసూత్రాలలో చివరి అధ్యాయం చివరి పాదంలో "జగద్వ్యాపారవర్జం" అని మొదలయ్యే సూత్రం ఉంది. ముక్తి పొందినవారికి సకల ఐశ్వర్యాలూ కలుగుతాయి గానీ, జగత్తును సృష్టించడం, నిలపడం, లయం చేయడం అన్న పని మాత్రం వారికి ఉండదని దాని సారాంశం. ఎందుకు ఉండదో చెబుతూ శంకరాచార్యులు ఇచ్చిన కారణాలలో ఒకటి మీ కథకు సరిగ్గా సరిపోతుంది. ముక్తులు అనేకులు, వారికి మనస్సులు ఉన్నాయి, కాబట్టి ఒకరు జగత్తు నిలవాలని, మరొకరు అది లయం కావాలని సంకల్పించే వీలు ఉంది, అప్పుడు విరోధం తప్పదు. అందుకే ఆ పని ఒక్క ఈశ్వరుడి సంకల్పానికే లోబడి ఉండాలని ఆయన తేల్చారు.

లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల దుకాణంలో కొన్న నా భాష్యం ప్రతికి వెనుక అట్ట లేదు, ఆఖరి ఆకులను చెదలు అంచుల నుంచి తినుకుంటూ వచ్చాయి. ఈ సూత్రం గ్రంథం చివరి నుంచి ఆరవది. చెదలు దాని పక్కన ఉన్న అంకెను తిని, సూత్రాన్ని వదిలేశాయి.

పురాణాలు ఇంకో ఏర్పాటు చేశాయి. బ్రహ్మకు పగలు 432 కోట్ల మానవ సంవత్సరాలు, రాత్రి కూడా అంతే. పగలు సృష్టి నడుస్తుంది, రాత్రి ప్రళయం. ఇద్దరికీ శక్తి ఉన్నా ఒకరి వేళలో మరొకరు పని చేయరు కనుక ఎదురుపడే సందర్భమే రాదు. కథకుడు గారు ఈ దారిని ఆలోచించవచ్చు.

బ్రాడీపేట కథకుడు
మాస్టారూ, వేళలు పంచితే వైరుధ్యం పోతుంది, నిజమే. కానీ నా కథకు ప్రాణం ఆ ఇద్దరూ ఎదురుపడటమే.

కృష్ణలంక వాసి
మీరంతా దూరం వెళుతున్నారు గానీ, భస్మాసురుడి కథ ఇదే కదా. ఎవరి తలపై చేయి పెడితే వారు భస్మం కావాలన్న వరానికి మినహాయింపు లేదు. వరం ఇచ్చిన శివుడికీ లేదు, వరం పొందినవాడికీ లేదు. మోహిని నృత్యంలో తన చేతిని తన తలమీదే పెట్టుకునేలా చేసింది. హద్దులు లేని నాశనశక్తి తనకు కూడా వర్తిస్తుందా అన్న ప్రశ్న అంతకుడి విషయంలో అడగాలి.

తెనాలి తర్కం
కృష్ణలంక వాసి గారూ, భస్మాసురుడి కథలో తార్కిక విరోధం లేదు. అతడికి ఉన్నది ఒకే ఒక శక్తి, అది అతడి మీద పనిచేసింది, అతడు పోయాడు, అంతటితో సరి. అంతకుడు తన నాశనశక్తినే నాశనం చేయగలడా అని అడిగితే అది కఠినమైన ప్రశ్న అవుతుంది, ఎందుకంటే ఆ పని పూర్తయ్యే క్షణంలో దానిని చేస్తున్న శక్తి ఉన్నట్టా, లేనట్టా అన్నది తేలాలి.

ధరణికోట
ఈ కఠినమైన ప్రశ్నకు దగ్గరి బంధువు బౌద్ధ తత్వవేత్త నాగార్జునుడి దగ్గర ఉంది. సంప్రదాయం ఆయనను మన శ్రీపర్వతంతో, అంటే నాగార్జునకొండతో ముడిపెడుతుంది. అన్ని వస్తువులూ స్వభావశూన్యమని, అంటే దేనికీ తనదైన స్వతంత్ర ఉనికి లేదని ఆయన అంటే, అయితే నీ మాట కూడా శూన్యమే కదా, శూన్యమైన మాట దేనిని నిషేధించగలదు అని ప్రతివాది నిలదీశాడు. దీనికి జవాబుగా ఆయన విగ్రహవ్యావర్తని అన్న గ్రంథంలో ఇచ్చిన ఉదాహరణ నాకు ఎప్పుడూ అద్భుతంగా తోస్తుంది. మాయతో నిర్మితమైన ఒక మనిషి మాయతో నిర్మితమైన మరో మనిషిని అడ్డుకోగలడు. అడ్డుకునేవాడు నిజం కానవసరం లేదు, అడ్డుపడేవాడితో సమానమైన స్థాయిలో ఉంటే చాలు.

అంతకుడి శక్తి కూడా అతడు నాశనం చేసే విశ్వాల స్థాయిదే అనుకుందాం. అప్పుడు అది తనతో పాటు అన్నింటినీ తీసుకుపోవడంలో విచిత్రం లేదు. శక్తి విశ్వాలకు వెలుపల, వాటికన్నా గట్టిగా ఉండి తీరాలని మనం ముందే అనుకోవడం వల్లనే చిక్కు వస్తోంది.

అరండల్‌పేట
ఇంతవరకు అందరూ విరోధం ఉన్న చోట శక్తి ఆగిపోతుందని ఒప్పుకున్నారు. నేను ఒప్పుకోను. ఫ్రెంచ్ తత్వవేత్త డెకార్ట్ 1630లో తన మిత్రుడు మెర్సెన్‌కు రాసిన లేఖల్లో గణిత సత్యాలు కూడా, రాజు తన రాజ్యంలో శాసనాలు చేసినట్టుగా, దేవుడు నెలకొల్పినవే అన్నాడు. తర్కాన్ని కూడా విధాతే సృష్టించి ఉంటే ఆ తర్కం అతడిని ఎలా కట్టివేస్తుంది? హ్యారీ ఫ్రాంక్‌ఫర్ట్ 1964లో మావ్రోడిస్‌కు జవాబు రాస్తూ చూపించింది కూడా ఇదే. అసాధ్యమైన బండను చేయగలవాడు, అదే అసాధ్యతతో దానిని ఎత్తనూ గలడు. ఒక అసాధ్యానికి ఒప్పుకున్నవారు రెండోదానికి అభ్యంతరం చెప్పడం ఎందుకు? విధాత నాశనం కాని విశ్వాన్ని సృష్టిస్తాడు, అంతకుడు దానిని నాశనం చేస్తాడు. రెండూ జరుగుతాయి.

పటమట పాఠకురాలు
రెండూ జరిగిన తరువాత ఆ విశ్వంలోని మనుషులు ఉన్నారా, లేరా? పాఠకురాలిగా నాకు కావలసిన సమాధానం అది. ఉన్నారు, లేరు కూడా అని చెబితే నేను ఎవరి కోసం ఆందోళన పడాలి?

అరండల్‌పేట
ఆందోళన మీ సమస్య. అతడి శక్తిని కొలవడం నా సమస్య.

తెనాలి తర్కం
అరండల్‌పేట గారి స్థానాన్ని తర్కంతో ఓడించలేము, ఎందుకంటే ఆయన తర్కాన్నే పక్కన పెట్టారు. కానీ సాధారణ తర్కంలో ఒక్క విరోధాన్ని నిజమని ఒప్పుకుంటే దాని నుంచి ఏ వాక్యాన్నైనా రాబట్టవచ్చు. అప్పుడు అంతకుడు ఓడిపోయాడన్నదీ నిజమే, అంతకుడు అన్న పాత్రే కథలో లేదన్నదీ నిజమే అవుతుంది. అలాంటి చోట శక్తి కొలతకు కూడా అర్థం మిగలదు.

గుంటూరు గణితం
ఇప్పటిదాకా చర్చ అంతా విరోధం ఉన్న ప్రశ్నల మీద నడిచింది. ఏ విరోధమూ లేకుండా, ఇద్దరూ తమ పనిని సక్రమంగా చేస్తున్నా, చివరికి ఏమి మిగులుతుందో మనస్సు ఒప్పుకోని సందర్భం ఒకటి ఉంది. కథకుడు గారి ముగింపుకు ఇదే ఎక్కువ పనికివస్తుందని నా అభిప్రాయం.

1953లో జె. ఇ. లిటిల్‌వుడ్ ఈ సమస్యను ప్రచురించాడు, తరువాత షెల్డన్ రాస్ దానిని విస్తరించాడు. వారు బంతులతో చెప్పారు, నేను విశ్వాలతో చెబుతాను. మధ్యాహ్నం పన్నెండుకు ఒక నిమిషం ముందు విధాత 1 నుంచి 10 వరకు విశ్వాలను సృష్టిస్తాడు, అంతకుడు వాటిలో ఒకదానిని నాశనం చేస్తాడు. అర నిమిషం ముందు విధాత 11 నుంచి 20 వరకు సృష్టిస్తాడు, అంతకుడు మళ్లీ ఒకదానిని నాశనం చేస్తాడు. పావు నిమిషం ముందు 21 నుంచి 30. ఇలా ప్రతిసారీ మిగిలిన సమయంలో సగం గడిచాక ఒక అంచె. పన్నెండు కొట్టేసరికి అనంతమైన అంచెలు పూర్తవుతాయి. ప్రతి అంచెలోనూ పది పుడుతున్నాయి, ఒకటే పోతోంది. పన్నెండు గంటలకు ఎన్ని విశ్వాలు ఉంటాయి?

ఇంటర్ చదువుతున్న మా అమ్మాయి అనంతం అని వెంటనే చెప్పింది. క్యాలెండర్ కాగితం వెనుక వైపు సంఖ్యలు వరుసగా రాసి, ఎర్ర పెన్సిల్ ఆమెకే ఇచ్చాను. మొదటి అంచెలో 1 కొట్టివేయమన్నాను, రెండో అంచెలో 2, మూడో అంచెలో 3. కాగితం మీద కొట్టివేయని సంఖ్యలు అంచె అంచెకూ తొమ్మిదేసి పెరుగుతూనే ఉన్నాయి. అప్పుడు పన్నెండు గంటలకు మిగిలే విశ్వం సంఖ్య ఒక్కటి చెప్పమన్నాను. 500 అంది. అది 500వ అంచెలో పోతుంది. పది లక్షలు అంది. అదీ పది లక్షలవ అంచెలో పోతుంది. ఆమె పెన్సిల్ కింద పెట్టి, ఏదీ మిగలదా నాన్నా అని అడిగింది. ఏదీ మిగలదు. అంతకుడు ప్రతిసారీ మిగిలినవాటిలో అతి పాతదానిని ఎంచుకుంటే పన్నెండు గంటలకు బహువిశ్వం ఖాళీ.

అదే అంతకుడు ప్రతిసారీ అప్పుడే పుట్టిన పదింటిలో చివరిదానిని, అంటే 10, 20, 30 ఇలా నాశనం చేస్తే, 1 నుంచి 9, 11 నుంచి 19, ఇలా అనంతంగా మిగులుతాయి. రెండు సందర్భాల్లోనూ పుట్టినవి అన్నే, నాశనమైనవీ అన్నే. మారినది వరుస ఒక్కటే.

బందరు కాలువ
ఇది ఒప్పుకోలేను. నేను రోజూ ప్రకాశం బ్యారేజీ మీదుగా వెళతాను. పై నుంచి పది వేల క్యూసెక్కులు వస్తూ, డెబ్బై గేట్లలో కొన్ని ఎత్తి కిందికి వెయ్యి క్యూసెక్కులు మాత్రమే వదులుతూ ఉంటే నీటిమట్టం పెరుగుతుంది. ఏ గేటు నుంచి వదిలారన్న దానిని బట్టి రిజర్వాయరు ఒక్కసారిగా ఖాళీ కాదు. ప్రతి అంచెలో తొమ్మిది పెరుగుతూ పోయిన సంఖ్య చివరికి సున్నా ఎలా అవుతుంది?

గుంటూరు గణితం
నీటిని మనం పరిమాణంతో కొలుస్తాము, ఏ చుక్క పాతదో ఏది కొత్తదో మనకు పట్టదు. విశ్వాలకు మాత్రం సంఖ్యలు ఉన్నాయి, అందువల్ల ఒక్కొక్క విశ్వం గురించి విడిగా "నీవు ఏ అంచెలో పోయావు" అని అడగవచ్చు. అతి పాతదానిని తీసే పద్ధతిలో ప్రతి విశ్వానికీ ఆ ప్రశ్నకు సమాధానం ఉంది. సంఖ్య పెరుగుతూ పోయింది కాబట్టి చివర కూడా పెద్దదిగానే ఉండాలన్నది అంచెలు పరిమితంగా ఉన్నప్పటి అలవాటు. ఇంకో విశేషం, ప్రతి అంచెలోనూ అంతకుడు కళ్లు మూసుకుని ఉన్నవాటిలో ఏదో ఒకదానిని సమాన అవకాశంతో తీసినా, పన్నెండుకు ఏదీ మిగలకపోయే సంభావ్యత 1 అని రాస్ నిరూపించాడు.

తెనాలి తర్కం
ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. 1954లో జేమ్స్ థామ్సన్ ఒక దీపాన్ని ఇలాగే అనంతసార్లు వెలిగించి ఆర్పితే చివరికి అది వెలుగుతుందా, ఆరి ఉంటుందా అని అడిగి, ఈ పని అసలు సాధ్యం కాదన్నాడు. 1962లో పాల్ బెనసెరాఫ్ దానికి అడ్డు చెప్పాడు. ప్రతి అంచెలో ఏమి జరగాలో చెప్పే నియమం, అంచెలన్నీ ముగిసిన క్షణం గురించి ఏమీ చెప్పదు. కాబట్టి అక్కడ విరోధం లేదు, ఉన్నది నియమం లేని ఖాళీ మాత్రమే. గణితం గారి సమాధానం నిలవాలంటే కథకుడు గారు ఒక వాక్యం కలపాలి: ఒకసారి నాశనమైన విశ్వం తిరిగి రాదు, విధాత అంచెలలో తప్ప కొత్త విశ్వం పుట్టదు. ఆ వాక్యం లేకపోతే పన్నెండు గంటలకు ఎక్కడి నుంచో ఒక విశ్వం ఊడిపడినా ఏ నియమమూ భంగం కాదు.

బందరు కాలువ
ఆ వాక్యం కలిపాక నాకు అభ్యంతరం లేదు. మనస్సుకు మాత్రం ఇంకా ఎక్కలేదు.

బ్రాడీపేట కథకుడు
ఈ అంచెల పద్ధతి చూశాక నాకు చాలా సంతోషం కలిగింది. ఇద్దరూ ఎదురుపడతారు, ఒకరిని ఒకరు అడ్డుకోరు, అయినా ఫలితం కోసం పాఠకుడు ఊపిరి బిగబట్టాలి. మిగిలిన రెండు చిక్కుల సంగతి ఎవరైనా చూస్తారా?

గుంటూరు గణితం
మూడో అధ్యాయం గురించి చెబుతాను. ప్రతి విశ్వాల కూర్పుకూ విడిగా ఒక ప్రతిరూప విశ్వం ఉంటుందన్నారు. 1891లో కాంటర్ నిరూపించిన దాని ప్రకారం ఏ సమితికైనా ఉపసమితుల సంఖ్య ఆ సమితిలోని మూలకాల సంఖ్య కన్నా ఎక్కువ, సమితి అనంతమైనా సరే. అందువల్ల మీ విశ్వాలన్నీ కలిసి ఒక సమితి అయితే, వాటి కూర్పులకు ప్రతిరూపాలుగా సరిపడే విశ్వాలు అందులో ఉండవు. అంటే ఆ నియమం ఉన్నంతకాలం "అన్ని విశ్వాలు" అన్న ఒక మొత్తమే ఏర్పడదు. అంతకుడు ఎంత పెద్ద మొత్తాన్ని తీసుకుని నాశనం చేసినా ఆ మొత్తానికి వెలుపల విశ్వాలు ఉంటాయి. ఇది అతడి బలహీనత కాదు. నాశనం చేయవలసిన మొత్తం లేదు. అంచెల పద్ధతికి 1, 2, 3 అని లెక్కపెట్టగల విశ్వాలు కావాలి, కనుక మూడో అధ్యాయంలోని ఆ నియమం, ఈ ముగింపు రెండూ ఒకే కథలో ఉండలేవు. ఏదో ఒకటి ఎంచుకోవాలి.

మంగళగిరి
గతంతో సహా తుడిచిపెట్టడం గురించి నాది చిన్న మాట. జరిగినదానిని జరగనట్టు చేయడం ఒక్కటే దేవుడికి కూడా చేతకాదన్న కవి అగథాన్ మాటను అరిస్టాటిల్ ఉటంకించాడు. 11వ శతాబ్దంలో పీటర్ డామియన్ ఇదే ప్రశ్న మీద సుదీర్ఘమైన లేఖ రాశాడు. కథలో ఉన్న ఇబ్బంది ఇది: విశ్వం గతంతో సహా పోతే అది ఎన్నడూ లేదు, ఎన్నడూ లేనిదానిని అంతకుడు ఎప్పుడు నాశనం చేశాడు? అతడు ఆ పని చేశాడన్నది నిజం కావాలంటే అది జరిగిన కాలం ఒకటి మిగలాలి. కాబట్టి విశ్వాల లోపలి కాలం వేరు, విధాత, అంతకుడు పనిచేసే వెలుపలి కాలం వేరు అని మొదటి నుంచీ చెప్పండి. లోపలి కాలం మొత్తం పోవచ్చు, వెలుపలి కాలంలో ఆ పని జరిగిన సంగతి నిలిచి ఉంటుంది.

ధరణికోట
మంగళగిరి గారి మాట ఒప్పుకుంటే అంతకుడి శక్తి విశ్వాల స్థాయిది అని నేను అన్నది నిలవదు, అతడు వెలుపలే ఉండాలి. నేను నా మాటనే పట్టుకుని ఉంటాను. అయితే ఈ కథకు మంగళగిరి గారి ఏర్పాటే అనుకూలం.

అరండల్‌పేట
ఇన్ని నియమాలు కలిపాక మిగిలేది సర్వశక్తి కాదు, నియమావళికి లోబడిన శక్తి. నా అభిప్రాయం మారలేదు.

బ్రాడీపేట కథకుడు
మూడో అధ్యాయంలోని ప్రతిరూపాల నియమాన్ని వదులుకుంటాను. కాలాలను రెండుగా విడదీస్తాను. విధాత అంచెలలో సృష్టిస్తాడు, అంతకుడు అంచెకు ఒకటి నాశనం చేస్తాడు, పోయినది తిరిగి రాదు. గుంటూరు గణితం గారూ, ఇంకొక్క ప్రశ్న. అంతా ఖాళీ కావడం గానీ అనంతంగా మిగలడం గానీ నాకు వద్దు. కథానాయిక ఉన్న విశ్వం ఒక్కటే మిగలాలి. అలా మిగిలే వరుస ఉందా?

గుంటూరు గణితం
ఉంది. ఆమె విశ్వానికి 1 అని సంఖ్య ఇవ్వండి. అంతకుడి చేత మొదటి అంచెలో 2, రెండో అంచెలో 3, మూడో అంచెలో 4, ఇలా అంచె సంఖ్యకు ఒకటి కలిపిన విశ్వాన్ని నాశనం చేయించండి. ప్రతిసారీ అతడు ఎంచుకునే విశ్వం అప్పటికే పుట్టి ఉంటుంది, కనుక ఎక్కడా నియమం తప్పదు. పన్నెండు గంటలకు 1 తప్ప ప్రతి విశ్వానికీ అది పోయిన అంచె ఉంటుంది. ఏడు మిగలాలనుకుంటే 8తో మొదలుపెట్టించండి.